వీధి కాలువ పనిని మున్సిపల్ కౌన్సిల్ అజెండాలోకి చేర్చడం ఎలా

చిన్న పట్టణాల్లో మున్సిపాలిటీ వార్త అనగానే కౌన్సిల్ సమావేశంలో వాగ్వాదం, ప్రతిపక్ష సభ్యుల వాకౌట్, పోడియం ముందు బైఠాయింపు గుర్తుకొస్తాయి. మరునాడు జిల్లా పేజీలో ఫోటోతో సహా వచ్చేవి కూడా అవే. మీ వీధిలో మురుగు కాలువ పడుతుందా లేదా అన్నది మాత్రం ఆ గలాటాకు చాలా ముందే, ఇంజినీరింగ్ విభాగంలో తయారైన అంచనా మీద, దాన్ని అజెండాలోకి ఎక్కించిన కాగితం మీద ఆధారపడి ఉంటుంది. మున్సిపాలిటీలో ఏ పనైనా అర్జీగా పుట్టి, అంచనాగా మారి, తీర్మానమై, టెండరై, చివరకు ఎం-బుక్కులో, అంటే ఇంజినీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలుగా ముగుస్తుంది. మీ పని ప్రస్తుతం ఏ దశలో ఉందో తెలుసుకుని, ఆ దశలో ఎవరిని అడగాలో వారినే అడగగలిగితే సగం తిరుగుడు తప్పుతుంది. ఈ వ్యాసంలో మురుగు కాలువను ఉదాహరణగా తీసుకుంటున్నాను. సిమెంటు రోడ్డుకైనా, వీధి దీపాలకైనా, పార్కు ప్రహరీకైనా దాదాపు ఇదే దారి వర్తిస్తుంది.

ముందు కాలువ ఎవరిదో తేల్చుకోండి

పట్టణంలో ఉన్న ప్రతి రోడ్డూ, ప్రతి కాలువా మున్సిపాలిటీవి కావు. చీరాల వంటి పట్టణాన్ని చూడండి: ఊరి మధ్యగా విజయవాడ–చెన్నై రైలు మార్గం వెళుతుంది, 216వ నంబరు జాతీయ రహదారి ఆ ప్రాంతం గుండానే పోతుంది. ఇలాంటి చోట్ల రైల్వే హద్దులో ఆగిన నీటికీ, జాతీయ రహదారి పక్క కాలువకూ, రోడ్లు భవనాల శాఖ రోడ్డుకూ, జలవనరుల శాఖ కిందనున్న పెద్ద డ్రైనుకూ మున్సిపాలిటీ నేరుగా ఖర్చు పెట్టలేదు. అర్జీ ఇచ్చిన నెల తరువాత "ఇది మా పరిధిలోకి రాదు" అన్న జవాబు వస్తే ఆ నెల వృథా అయినట్టే. వార్డు సచివాలయంలో ఉండే అమెనిటీస్ (సౌకర్యాల) కార్యదర్శిని గానీ, మున్సిపల్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) గానీ కలిసి ఫలానా రోడ్డు ఎవరి రిజిస్టరులో ఉందో మొదటే అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల వల్ల కలిగిన మేళ్లలో ఇదొకటి, ఈ చిన్న ప్రశ్నకు మున్సిపల్ ఆఫీసు దాకా వెళ్లనవసరం లేదు.

తరువాత, మీకు కావలసింది పూడికతీతా, మరమ్మతా, కొత్త నిర్మాణమా అన్నది స్పష్టం చేసుకోండి. ఎక్కువ అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి. కాలువ బాగానే ఉండి చెత్తతో నిండిపోయి ఉంటే అది పారిశుద్ధ్య విభాగం పని, శానిటరీ ఇన్‌స్పెక్టరు మనుషులను పంపితే ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, దానికి కౌన్సిల్ తీర్మానం అక్కరలేదు. గోడ కూలినా, పలకలు విరిగినా అది ఇంజినీరింగ్ విభాగం మరమ్మతు. కాలువే లేకపోయినా, ఉన్నది చాలకపోయినా అప్పుడే కొత్త అంచనా, నిధులు, తీర్మానం అవసరమవుతాయి. "మా వీధిలో మురుగు సమస్య పరిష్కరించగలరు" అని మాత్రమే రాస్తే ఆ కాగితం సహజంగా పారిశుద్ధ్య విభాగానికి వెళుతుంది, వాళ్లు ఒకసారి పూడిక తీసి, సమస్య పరిష్కారమైనదని రాసి ముగిస్తారు. వారిని తప్పు పట్టలేము, అడిగింది అదే కదా.

మరొక సంగతి కాస్త ఇబ్బందికరమైనది. చాలా వీధుల్లో కాలువ పూడుకుపోవడానికి కారణం ఇళ్ల ముందు కట్టుకున్న ర్యాంపులూ, మెట్లూ, కాలువ మీదికి జరిపిన అరుగులూ. పలక తీసి పూడిక ఎత్తడానికి వీలులేకుండా పది గజాలకొకటి సిమెంటుతో మూసేసి ఉంటుంది. కొత్త కాలువ అడిగితే ఏఈ కొలతలకు వచ్చిన రోజునే ఈ ప్రశ్న లేస్తుంది, అప్పుడు వీధిలో వాళ్లే రెండు వర్గాలుగా చీలిపోతారు. కాబట్టి అర్జీకి ముందే ర్యాంపుల వారితో మాట్లాడి, పని మొదలైనప్పుడు వాటిని తొలగించడానికి అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఈ ఒప్పుదల లేని వీధికి నిధులిచ్చినా పని నడవదని ఇంజినీర్లకు తెలుసు. ఒప్పుదల ఉన్న వీధి సహజంగానే వారికి తేలికగా కనిపిస్తుంది.

కొలతలు, ఫోటోలు, అర్జీ

ఒక ఆదివారం ఉదయం టేపు పట్టుకుని నలుగురు నడిస్తే చాలు. కాలువ కావలసిన పొడవు ఎన్ని మీటర్లు, రోడ్డు వెడల్పు ఎంత, రెండు వైపులా ఎన్ని ఇళ్లు, నీరు ఎక్కడ ఆగుతోంది, చివరకు ఏ పెద్ద డ్రైనులో కలవాలి అన్నవి రాసుకోండి. ఈ చివరి అంశాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. నీరు పోయే దారి, అంటే అవుట్‌ఫాల్, లేకుండా కట్టిన కాలువ మీ మురుగును తీసుకెళ్లి పక్క వీధి మలుపులో నిలబెడుతుంది, ఆ తరువాత ఆ వీధివారు అర్జీ పెడతారు. పెద్ద డ్రైను అడుగు మీ వీధి అడుగుకన్నా ఎత్తులో ఉందేమో కంటితో చూసినా కొంత తెలుస్తుంది, వర్షం ఆగిన గంటకు నీరు ఎటువైపు కదులుతోందో ఫోనులో వీడియో తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఫోటోల మీద తేదీ, స్థలం పడేలా తీయండి. ఇంటి గుమ్మం, కరెంటు స్తంభం వంటి గుర్తు ఒకటి ఫ్రేములో ఉంటే ఏఈకి స్థలం వెతుక్కునే పని తప్పుతుంది.

అర్జీ ఒక పేజీ దాటకూడదు, ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. కాలువ, కుక్కలు, కుళాయి, వీధి దీపం అన్నీ కలిపి రాస్తే అది నాలుగు విభాగాల మధ్య తిరిగి ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. తాగునీటి పైపు మురుగు కాలువలో నుంచి పోతున్నట్లయితే అది ఆరోగ్యానికి సంబంధించిన అత్యవసర విషయం కనుక దానికి వేరే అర్జీ అదే రోజున ఇవ్వండి. నమూనా ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి. విషయం: ఫలానా వార్డు, ఫలానా వీధిలో సిమెంటు కాంక్రీటు మురుగు కాలువ కొత్తగా నిర్మించుట గురించి. పై వీధిలో సుమారు 140 మీటర్ల పొడవున కాలువ లేనందున 38 ఇళ్ల వాడుక నీరు రోడ్డు మీద నిలుస్తున్నది. ఈ నీరు తూర్పు చివరనున్న పెద్ద డ్రైనులో కలియుటకు అవకాశమున్నది. ర్యాంపులు తొలగించుటకు ఇంటి యజమానులు సమ్మతించిన పత్రము జతపరిచితిమి. స్థల పరిశీలన జరిపి, అంచనా తయారు చేయించి, రాబోవు కౌన్సిల్ సమావేశ అజెండాలో చేర్చవలసినదిగా కోరుచున్నాము. జతపరిచినవి: ఫోటోలు, సమ్మతి పత్రము, సంతకాల జాబితా."

ఈ అంకెలు నమూనా కోసం రాసినవి, మీ కొలతలు మీరు వేసుకోండి. చివరి కోరికలో మూడు పనులున్నాయని గమనించండి: స్థల పరిశీలన, అంచనా, అజెండా. "తగు చర్యలు తీసుకోగలరు" అని ముగించే అర్జీకి ఏ చర్య తీసుకున్నా జవాబే అవుతుంది. ఇలా పేర్లు పెట్టి అడిగితే దేనికి జవాబు రాలేదో మీరు చూపించగలుగుతారు.

ఎక్కడ ఇవ్వాలి

ఒకే అర్జీ మూడు ప్రతులు తీయండి. ఒకటి మున్సిపల్ కార్యాలయంలో కాగితాలు తీసుకుని నమోదు చేసే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ దగ్గరుంచుకునే రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ఆ నంబరు లేని అర్జీకి ఆఫీసులో ఉనికి లేదు, కమిషనర్ గారి చేతికే స్వయంగా ఇచ్చి నమస్కారం పెట్టి వచ్చినా అంతే. మూడో ప్రతి వార్డు కౌన్సిలరుకు. ఆయన లేదా ఆమె ఏ పార్టీ అయినా సరే, అజెండాలో వార్డు పనులు ప్రతిపాదించేది, సమావేశంలో లేచి మాట్లాడేది వారే కనుక వారిని దాటి వెళ్లాలని చూడకండి. వీధిలో మహిళా సంఘాలు ఉంటే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) ఆర్పీ, అంటే రిసోర్స్ పర్సన్, ద్వారా ఆ సంఘాల సమాఖ్య సమావేశంలో కూడా విషయం పెట్టించండి. ముప్పై మంది మహిళలు ఒకే మాట మీద సంతకం చేసిన కాగితాన్ని ఏ కౌన్సిలరూ పక్కన పెట్టడం నేను చూడలేదు.

నంబరు వచ్చాక కూడా కదలిక లేకపోతే ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం నాడు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో అదే అర్జీని ఇన్‌వర్డ్ నంబరు ప్రస్తావిస్తూ నమోదు చేయించండి. ఆంధ్రప్రదేశ్‌లో 1100 నంబరుకు ఫోను చేసి కూడా అర్జీ స్థితి తెలుసుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త పడవలసింది ముగింపు దగ్గర: పని జరగకుండానే ఎండార్స్‌మెంట్ (రాతపూర్వక జవాబు) ఇచ్చి అర్జీని మూసివేయడం అక్కడక్కడ జరుగుతుంది. "నిధుల లభ్యతను బట్టి పరిశీలించబడును" అన్న వాక్యంతో మూసేస్తే, అంచనా తయారైందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో దాన్ని తిరిగి తెరిపించండి.

అజెండా చదవడం

కౌన్సిల్ సాధారణ సమావేశం మామూలుగా నెలకొకసారి జరుగుతుంది, సభ్యులకు అజెండా ప్రతి ముందుగానే అందుతుంది. మీ కౌన్సిలరు దగ్గర ఆ ప్రతిని అడిగి ఫోటో తీసుకోండి. మొదటిసారి చూసినప్పుడు యాభై అరవై అంశాలు ఒకేలా కనిపిస్తాయి గానీ, ఒక అంశాన్ని ఇలా విడదీసి చూస్తే అర్థమవుతుంది: వార్డు నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పని, అంచనా విలువ, ఏ నిధుల నుంచి, ఏ పద్ధతిలో అప్పగింత, కౌన్సిల్‌ను కోరుతున్నది ఆమోదమా లేక ర్యాటిఫికేషనా. ఈ చివరిది చూసినప్పుడు కాస్త ఆగండి. ర్యాటిఫికేషన్ అంటే పని ఇప్పటికే మొదలైంది, లేదా అయిపోయింది, ఇప్పుడు సభ ఒప్పుకోవాలని అడుగుతున్నారని అర్థం. పైపు పగిలినప్పుడు, తుపాను వచ్చినప్పుడు అది సహజమే. ప్రతి నెలా సగం అంశాలు అలాగే వస్తుంటే మాత్రం ప్రశ్నించదగిన విషయం. ఒకే వీధి పని రెండు మూడు ముక్కలుగా, దగ్గర దగ్గర విలువలతో కనిపిస్తే, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇవ్వడానికి అలా విడగొట్టారేమో అడగమని మీ కౌన్సిలరుకు చెప్పండి. సమావేశం రోజున చేతికిచ్చే టేబుల్ అజెండా అంశాలను మరింత శ్రద్ధగా చూడాలి, వాటిని చదవడానికి సభ్యులకే వ్యవధి ఉండదు.

సమావేశాన్ని చూడదలచుకుంటే ముందురోజే మేనేజరును కలిసి అనుమతి కోరండి. లోపల మాట్లాడే హక్కు సభ్యులది మాత్రమే, మధ్యలో లేచి అరిస్తే మీ అంశానికే నష్టం. ఇంకొక మాట: పాలకవర్గం గడువు ముగిసి, ఎన్నికలు జరిగే దాకా ప్రత్యేకాధికారి పాలన నడుస్తుంటే కౌన్సిలరు ఉండరు, తీర్మానాలు ప్రత్యేకాధికారి పేరు మీదే వెళతాయి. అప్పుడు మూడో ప్రతిని ఆయనకే ఇవ్వాలి. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. మీ వార్డులో అవి ఏర్పడి ఉంటే సంతకాల జాబితాకన్నా కమిటీ తీర్మానం బరువుగా ఉంటుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది

"నిధులు లేవు" అన్న జవాబుకు ఎదురు ప్రశ్న వేయాలంటే నిధుల పద్దులు కొంత తెలియాలి. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, కుళాయి చార్జీలు, దుకాణాల అద్దెలు, మార్కెట్ వేలం, ట్రేడ్ లైసెన్సులు వంటివన్నీ సాధారణ నిధికి చేరతాయి, జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలినదానితో వార్డు పనులు చేస్తారు. కేంద్ర ఆర్థిక సంఘం నిధులు వేరు. 2021–26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం చిన్న నగరాలకూ పట్టణాలకూ ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ వంటి వాటికే కట్టుబడి ఉండగా, మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకునే వెసులుబాటు ఉండేది. కాబట్టి ఒక పద్దులో డబ్బు లేదన్నప్పుడు, మరే పద్దులో ఈ పనిని చేర్చవచ్చో చెప్పమని అడగడం సబబైన ప్రశ్నే. మీ పనికి అసలు అదను బడ్జెట్ కాలం. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక, అంతకు ముందు బడ్జెట్ ప్రతిపాదనలు తయారయ్యే శీతాకాలం నెలల్లోనే మీ అంచనా ఇంజినీరింగ్ విభాగం జాబితాలో ఉండేలా చూసుకోండి. జూన్‌లో వాన పడ్డాక అర్జీ పెట్టేవారు వందమంది, డిసెంబరులో పెట్టేవారు పదిమంది.

పన్ను కట్టేవారికి లెక్క అడిగే హక్కుందన్న భావన మన పట్టణాల్లో కొత్తది కాదు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేయగా, పెరిగిన పన్నుల భారాన్ని మోయలేమని ఎదురుతిరిగిన జనం, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో ఊళ్లు ఖాళీ చేసి, పొలిమేర బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మీరు అంత దూరం వెళ్లనవసరం లేదు. అయితే అర్జీ ఇచ్చేముందు సంతకం చేసిన ఇళ్ల పన్ను బకాయిలు కట్టించుకోవడం మంచిది, ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ఇచ్చే వాడుక రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. "ముందు మీ వీధి బకాయిలు చూడండి" అన్న మాట సభలో లేవకుండా ఉంటుంది.

తీర్మానం తరువాత

సమావేశం ముగియగానే వాట్సాప్ గ్రూపులో "మన కాలువ శాంక్షన్ అయింది" అని పెట్టే తొందర అందరికీ ఉంటుంది. తీర్మానం నంబరు, తేదీ, అంచనా విలువ, ఏ నిధి అన్న నాలుగు వివరాలు చేతికి వచ్చేదాకా ఆగండి. చైర్‌పర్సన్ హామీ ఇచ్చారు అన్నది ఒక స్థితి, ప్రతిపాదనలు పంపారు అన్నది మరొకటి, తీర్మానం అయింది అన్నది ఇంకొకటి. మీరు పెట్టే సందేశంలో వీటిని కలపకుండా రాస్తే, ఆరు నెలల తరువాత గొడవ వచ్చినప్పుడు అదే మీకు రికార్డుగా పనికొస్తుంది. స్థానిక విలేకరికి కూడా ఈ నాలుగు వివరాలే ఇవ్వండి, ఆయన రాసే నాలుగు వాక్యాల వార్తలో అవి ఉంటే కాంట్రాక్టరు దాకా చేరుతుంది.

తీర్మానమై కూడా పని మొదలుకాకపోతే సమాచార హక్కు చట్టం 2005 వాడండి. దరఖాస్తు రుసుము పది రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు, ముప్పై రోజుల్లో సమాచారం ఇవ్వాలి. పని ఎందుకు చేయలేదని అడగకండి, కారణాలు చెప్పించుకోవడానికి ఆ చట్టం ఉపయోగపడదు. ఫైలులో ఉన్న కాగితాల ప్రతులు అడగండి: ఫలానా తీర్మానం ప్రతి, అంచనా ప్రతి, టెండరు నోటీసు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్కులో ఆ పనికి సంబంధించిన పేజీలు. గడువులో జవాబు రాకపోతే, లేదా వచ్చింది సరిపోకపోతే ముప్పై రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, తరువాత తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. జరుగుతున్న పనిని తనిఖీ చేయడానికీ, వాడుతున్న సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకోవడానికీ కూడా ఇదే చట్టం అవకాశమిస్తుందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు.

పని నడుస్తున్న రోజుల్లో ఇద్దరు వంతులవారీగా చూస్తుండండి. అంచనా ప్రతి చేతిలో ఉంటే చూడవలసింది తేలికే: అడుగున బెడ్డు కాంక్రీటు వేశారా, గోడ మందం అంచనాలో రాసినంత ఉందా, అడుగు వాలు అవుట్‌ఫాల్ వైపే ఉందా, కాంక్రీటును తగినన్ని రోజులు నీటితో తడుపుతున్నారా. లోపం కనిపిస్తే మేస్త్రీతో తగాదా పడకుండా ఫోటో తీసి ఏఈకి పంపి, అదే విషయాన్ని మరునాడు రాతపూర్వకంగా ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి. బిల్లు కోసం కొలతలు తీసే రోజున మీలో ఒకరు పక్కన నిలబడితే, అంచనాలోని 140 మీటర్లూ నేల మీద 140 మీటర్లే అయ్యాయో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది.

పని పూర్తయ్యాక ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటి దాకా ఉందో చూసి, ఆ తేదీని ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. ఆ గడువులో గోడ పగిలినా, వాలు సరిగా లేక నీరు నిలిచినా తన ఖర్చుతో బాగుచేయవలసింది కాంట్రాక్టరే. అది దాటి, నిలిపి ఉంచిన డిపాజిట్టు ఆయనకు తిరిగి చెల్లించాక వచ్చే మరమ్మతు మళ్లీ కొత్త అంచనా, కొత్త అర్జీ అవుతుంది. అందుచేత గడువు ముగియడానికి ముందు వచ్చే ఆఖరి వానాకాలంలో కాలువ మొత్తం పొడవునా నడిచి, పగుళ్లూ నీటి నిల్వలూ ఫోటోలు తీసి, డిపాజిట్టు విడుదల చేసేముందు ఇవి సరిచేయించాలని కోరుతూ మున్సిపల్ ఇంజినీరు పేరున లేఖ ఇచ్చి నంబరు తీసుకోండి.